మూడుసార్లు గడ్డకట్టాల్సిన నడుము

సోమక్కను ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే "ఆస్పత్రిల గిన్నెలు కడుగుత" అనేది. అందులో అబద్ధం లేదు. గిన్నెలు కడిగేది నిజమే. కడగడానికి ముందు ఆ గిన్నెల్లో ఏం వండేదో మాత్రం జగదల్‌పూర్‌లో ఆమె అద్దెకుంటున్న వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే మరుసటి రోజు నుంచి ఆమె చేతి మంచినీళ్ళు కూడా తాగరని భయం.

ఆమె వండేది మనిషి ఒళ్ళు.

ఆస్పత్రి ఆవరణలో వెనకవైపు ఒక చిన్న మేడ ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లకూ నర్సులకూ చేతిపని నేర్పే చోటు. సూది ఎలా గుచ్చాలి, కుట్టు ఎలా వేయాలి, ఇవన్నీ బతికున్న మనిషి మీద నేర్చుకుంటే ఆ మనిషి గతి ఏం కావాలి? అందుకని ముందు బొమ్మ మీద నేర్పుతారు. బజారులో దొరికే రబ్బరు బొమ్మలు ఖరీదెక్కువ, పైగా అవి రబ్బరులాగే ఉంటాయి. అక్కడి అధికారి డాక్టర్ జయ వాటిని పక్కన పెట్టి, ఇక్కడే చేసుకుందామని పూనుకుంది. జయ కిరందుల్‌లో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి ఆంధ్ర నుంచి గని పనికి వచ్చి కంపెనీ క్వార్టరులోనే ముప్ఫై ఏళ్ళు గడిపాడు. ఊడ్చే పనికి వచ్చిన సోమక్క తెలుగు మాట్లాడడం విని జయ ఆమెను లోపలికి పిలిచి, ఆ చేతిలోని చీపురు తీసేసి గరిటె ఇచ్చింది.

పని చూడడానికి సులువు. పంచదారలా ఉండే తెల్లటి పొడిని నీళ్ళలో కలిపి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళ గిన్నెలో పెట్టి రెండు గంటలు కలుపుతూనే ఉండాలి. బుడగ రాకూడదు. చల్లారితే చిక్కటి గంజిలా అవుతుంది. దాన్ని అచ్చులో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడితే పొద్దుటికి రాయి. బయటపెడితే సాయంత్రానికి కరుగుతుంది గానీ మళ్ళీ గంజి కాదు, వణికే ముద్ద అవుతుంది. మళ్ళీ గడ్డకట్టించి మళ్ళీ కరిగిస్తే ఇంకొంచెం బిగుస్తుంది. ఎన్నిసార్లు గడ్డకడితే అంత గట్టి. జయ దాన్ని హైడ్రోజెల్ అనేది.

"నూటికి ఎనభై, తొంభై పాళ్ళు నీళ్ళే సోమక్కా. మనమూ అంతేగా!" అని నవ్వేది.

సోమక్క లెక్క వేరు. ఒకసారి గడ్డకడితే లేత తాటిముంజ. మూడుసార్లయితే కాస్త ముదిరిన ముంజ. ఆరుసార్లయితే పన్ను దిగని ముదురు. పిల్లల నడుములో రెండు ఎముకల మధ్య ఉండే పట్టీకి మూడు, పెద్దవాళ్ళ పట్టీకి ఆరు. చదువు అంతగా రాదు కనుక, ముద్దను బయటికి తీసినప్పుడల్లా ఫ్రీజర్ తలుపు మీద సుద్దతో ఒక గీత గీసేది. మూడు గీతలు పడితే పిల్లల నడుము తయారు.

ఆ నడుముతో నేర్పేది ఏమిటంటే, మెదడు జ్వరం వచ్చిన రోగికి వెన్ను నుంచి నాలుగు చుక్కల నీళ్ళు తీయడం. సూది చర్మం దాటి, కొవ్వు దాటి, పట్టీ దగ్గర ఆగుతుంది. అక్కడ నొక్కాలి. పట్టీ తెగగానే చేతికి ఒక వదులు తెలుస్తుంది. తెలిసిన చోటనే ఆగాలి. పెద్దవాళ్ళ పట్టీకి బలం కావాలి. పిల్లల పట్టీకి ఆ బలం పెడితే సూది ఆగదు, అవతలికి పోతుంది. పోతే ఏమవుతుందని సోమక్క ఒకసారి అడిగింది. "రక్తనాళం చిట్లుతుంది. నీళ్ళలో రక్తం కలిసి జబ్బేమిటో తెలియకుండా పోతుంది. నరానికి తగిలితే..." అంటూ జయ ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆ 'తగిలితే' తరువాత ఏముందో సోమక్క మళ్ళీ అడగలేదు.

అడగకపోవడం ఆమెకు చిన్నప్పటి నుంచి అబ్బిన బుద్ధి కాదు. ఆమె దోర్ల తెగ మనిషి, కోంట అవతల గొల్లపల్లి వైపు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక అడవిలో తుపాకుల గొడవల ఏళ్ళు వచ్చాయి. ఊరు ఖాళీ అయింది. దోర్నపాల్ క్యాంపులో రేకుల కింద ఆరేళ్ళు బతికింది. తుపాకీ పట్టుకున్నవాళ్ళు ఒక వైపు నుంచి వచ్చి అడిగేవారు, ఇంకో వైపు నుంచి వచ్చి అడిగేవారు. జవాబు చెప్పినవాడు ఏమయ్యాడో చూసింది. తెలియదనే మాటను గోండీలో, హల్బీలో, హిందీలో, తెలుగులో ఒకే ముఖంతో చెప్పడం అక్కడ నేర్చుకుంది. అలా నేర్చుకున్నందుకే బతికి బయటపడ్డానని నమ్మింది. మేడలో పనికి కుదిరాక కూడా ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే ముందు గుండె ఉలిక్కిపడేది, తరువాతే తల వెనక్కి తిప్పేది.

అక్టోబరులో తుఫాను వాన పట్టింది. మూడు రోజులు విడవలేదు. కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆస్పత్రి జనరేటరు వార్డులకే గానీ వెనక మేడకు లేదు. అప్పుడు ఫ్రీజర్‌లో పిల్లల నడుములు ఆరు ఉన్నాయి. వాన వెలిసిన రోజు పొద్దున సోమక్క మూడో గీత గీసి ఒక ముద్దను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో నొక్కింది. వేలు ఆగింది.

మళ్ళీ నొక్కింది. వేలు దిగాల్సినంత దిగలేదు.

బయటికి పోయి కాపలా మనిషి వీరేందర్‌ను అడిగింది. వీరేందర్‌ది హిందీ. ఆమెను దీదీ అంటాడు.

"రాత్రిళ్ళు కరెంటు ఎన్నిసార్లు పోయింది?"

"ఎన్నిసార్లు వచ్చిందో అడుగు దీదీ, చెప్తాను. పోయింది లెక్కపెట్టడానికి నా వేళ్ళు చాలవు," అన్నాడు. "ఏం, ఎవరి నడుమైనా మాడిపోయిందా ఇవాళ?"

మాడలేదు. ముదిరింది. ఆమెకు అప్పుడు తట్టింది. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ముద్దలు ఫ్రీజర్‌లోనే కరిగాయి. వచ్చినప్పుడు మళ్ళీ గడ్డకట్టాయి. ఆమె తీయకుండా, ఆమె గీయకుండా, పెట్టెలో వాటంతట అవే రెండు విడతలో మూడు విడతలో ఎక్కువ తిరిగాయి. తలుపు మీద మూడు గీతలున్నాయి. లోపల ఉన్నది పెద్దవాళ్ళ నడుము.

పది గంటలకు పదకొండు మంది కుర్ర డాక్టర్లు వచ్చేశారు. జయ హడావుడిగా లోపలికి వచ్చి తలుపు వైపు చూసింది.

"మూడేనా సోమక్కా?"

సోమక్క నోరు తెరిచింది. కిందటి నెలలో బుడగలు వచ్చి ఒక విడత మొత్తం పారబోయాల్సి వస్తే జయ పడ్డ చిరాకు గుర్తొచ్చింది. తన ఉద్యోగం కాంట్రాక్టు కాగితం ఆ నెలలోనే మళ్ళీ రాయాలి. వాకిట్లో పదకొండు జతల బూట్లు. ఇవన్నీ కారణాలని తరువాత చెప్పుకుంది గానీ, ఆ క్షణంలో ఆమెకు కారణమేమీ లేదు. అడిగే గొంతు వినగానే తల ఊపింది, అంతే.

"మూడే మేడమ్," అంది.

మూడు రోజులు ఆ పదకొండు మందీ ఆ నడుముల మీద సూదులు గుచ్చారు. సోమక్క గిన్నెలు కడుగుతూ వాళ్ళ చేతులు చూసింది. మొదటి రోజు తడబడ్డ చేతులు మూడో రోజుకు బలంగా, ధీమాగా నొక్కుతున్నాయి. చుక్కలు పడగానే చప్పట్లు కొట్టుకున్నారు. వాళ్ళు వెళ్ళాక ఆమె ఆ ముద్దల్ని కత్తితో ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది.

ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పింది. ముసలయ్య సంత రోజుల్లో మూటలు మోస్తాడు. అంతా విని అన్నం కలుపుకుంటూ అన్నాడు:

"వాళ్ళు డాకటర్లు. పదేండ్లు సదివినోళ్ళు. నీ జావ ముద్ద మీదనా ఆధారపడ్డరు? తిను, పండు."

"పిల్లలకు గుచ్చుతరయ్యా."

"గుచ్చని. నువ్వు గుచ్చుతున్నవా? నోరు మూసుకొని బతికినం ఇన్నేండ్లు. ఇప్పుడెందుకు తెరుస్తవు?"

ఆమె మూసుకుంది. ఆ నోటి వెనక ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. వీధిలో పిల్లలు వంగి గోళీలాడుతుంటే, వాళ్ళ చొక్కాలు పైకి జరిగి వెన్నుపూసలు వరసగా కనిపిస్తుంటే, సోమక్క అటు చూడకుండా పోయేది. అంబులెన్సు ఆవరణలోకి వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో బండి మీద చదవలేక, వీరేందర్‌ను అడగలేక, కిటికీ వెనక నిలబడేది. కొత్త ముద్దల్ని ఇప్పుడు గీతలతో పాటు వేలితో కూడా చూసుకుంటోంది. కరెంటు పోతే ఆ విడత పారబోస్తోంది. జయ అడిగితే బుడగలు వచ్చాయని చెప్పి తిట్లు తింటోంది. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

ఫిబ్రవరిలో ఒకనాడు పొద్దున వీరేందర్ పరుగున వచ్చాడు.

"దీదీ, పిల్లల వార్డులో పిలుస్తున్నారు. ఎవడో ఆవపల్లి అవతలి నుంచి వచ్చాడు, వాడి మాట అక్కడ ఎవరికీ తెలియట్లేదు."

ఇది కొత్త కాదు. దోర్లల మాట దోర్లీ తెలిసినవాళ్ళు ఆ ఆస్పత్రిలో తక్కువ. ఆమెను అప్పుడప్పుడు పిలిచేవారు. చేతులు తుడుచుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మంచం మీద నాలుగేళ్ళ పిల్ల. మెడ వెనక్కి బిగుసుకుని, కళ్ళు సగం తెరుచుకుని ఉంది. పక్కన నేల మీద తండ్రి గొంతుకూర్చుని ఉన్నాడు. చేతికి తొడుగులు వేసుకుని నిలబడినవాడు డాక్టరు అభిషేక్. అక్టోబరు పదకొండు మందిలో ఒకడు. ఆమెను చూడగానే అతని ముఖం విప్పారింది.

"రా దీదీ! వెన్ను నుంచి నీళ్ళు తీయాలి. మెదడు జ్వరం ఏ రకమో తెలిస్తే సరైన మందు పడుతుంది. ఇతను వేలిముద్ర వేయనంటున్నాడు. నువ్వు చెప్పు. నీ నడుము మీద ఎన్నిసార్లు చేశానో కూడా చెప్పు, నలభైకి తక్కువ ఉండదు. నిజం పిల్ల మీద ఇదే మొదలు, కానీ చెయ్యి అలవాటైపోయింది."

సోమక్క ఒక అడుగు వెనక్కి వేసింది. గోడ పట్టుకుంది.

తండ్రి తల ఎత్తి ఆమె చీరకట్టు చూశాడు. "మీది ఏ ఊరక్కా?"

"గొల్లపల్లి దిక్కు."

"ఇంటిపేరు ఏంది?"

చెప్పింది. అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. చుట్టరికం కలిపి చూసుకోకుండా మనిషిని మనిషి అనుకోరు వాళ్ళలో. "గట్లయితే నువ్వు నాకు అత్తవైతవు. నన్ను పొజ్జా అంటరు. ఇది నా బిడ్డ, బిందు. నిన్న సంది ఫిట్సు. దీని తల్లి పచ్చి బాలింత, రాలేకపాయె." ఊపిరి తీసుకున్నాడు. "అత్తా, నడుముల సూది ఏస్తే కాళ్ళు పడిపోతయంట గద. ఇది ఎట్ల నడుస్తది? మాకు అడివిల నడవకుంటే బతుకు ఏడిది?"

"పడిపోవు," అంది సోమక్క.

"నువ్వు సూసినవా? ఈ పని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"అయితే నువ్వు జెప్పు. నువ్వు ఎయ్యమంటే ఏస్త వేలు. వద్దంటే బిడ్డను ఎత్తుకొని పోత. ఈళ్ళ మాట నాకు తెల్వదు, నువ్వు అత్తవు."

సోమక్కకు ముందూ గొయ్యే, వెనకా గొయ్యే. వద్దంటే ఇతను పిల్లను భుజాన వేసుకుని బస్సెక్కుతాడు; ఆ మెడ చూస్తే పిల్ల ఊరు చేరదు. సరే అని ఊరుకుంటే ఆ తొడుగు వేసుకున్న చెయ్యి అలవాటైన బలంతో నొక్కుతుంది. అభిషేక్ చేతిని చూసింది. మంచి చెయ్యి. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసే చెయ్యి. అదే భయం.

"వెయ్యి పొజ్జా," అంది. "నేను ఈడనే ఉంట."

అతను వేలు వేశాడు. కాగితం మీద నీలి మరక ఆరకముందే ఆమె డాక్టరు వైపు తిరిగింది. హిందీలో, తండ్రికి అర్థం కాకుండా, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా చెప్పింది. ముఖం దాచడం మాత్రం ఆమెకు వచ్చు.

"సార్, నా నడుము తప్పు."

"ఏమిటి?"

"మీరు నేర్చుకున్న నడుము పిల్లలది కాదు సార్. మూడుసార్లని చెప్పాను. కరెంటు పోయి ఐదో ఆరో అయ్యాయి. పెద్దవాళ్ళ నడుము మీద నేర్చుకున్నారు మీరు. అలా నొక్కితే ఈ పిల్లకు అవతలికి పోతుంది."

అభిషేక్ ముఖం పాలిపోయింది.

"ఇప్పుడా చెప్పేది?" పళ్ళ బిగువున అన్నాడు. "పెద్ద డాక్టరుగారు లేరు. జయ మేడమ్ రాయ్‌పూర్ వెళ్ళారు. పిల్లకు మళ్ళీ ఫిట్స్ వస్తే... ఇప్పుడా?"

"ఏందత్తా? ఎందుకు కోపం జేత్తుండు?" పొజ్జా లేచి నిలబడ్డాడు.

"ఏం లే. సూది సన్నది తెమ్మంటున్న. కూసో."

"సన్నదే తెమ్మను. మస్తు సన్నది."

ఆమె డాక్టరుతో అంది, "పది నిమిషాలు ఇవ్వండి సార్. సరైనది ఉంది."

ఆవరణ దాటి పరుగెత్తింది. యాభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, కొంగు బిగించి పరుగెత్తింది. నిన్ననే మూడో గీత పడిన ముద్దను ఎముకల అచ్చుతో సహా తడిబట్టలో చుట్టి ఎత్తుకుంది. మేడ గేటు దగ్గర వీరేందర్, "ఎవరి నడుము ఎత్తుకుపోతున్నావు దీదీ?" అని నవ్వబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

వార్డు పక్కగదిలో బల్ల మీద పెట్టింది. అభిషేక్ వేరే సూది తీసుకున్నాడు. నలభైసార్లు చేసినట్టే చేశాడు. చర్మం, కొవ్వు, పట్టీ. నొక్కాడు.

సూది మొన ముద్ద అవతలి పక్కన బయటికి వచ్చింది.

ఇద్దరూ దాన్ని చూశారు. సన్నటి, మెరిసే మొన, గింజంత. అది ముద్ద గనుక సరిపోయింది. పక్కగదిలో పొజ్జా కూతురితో ఏదో మాట్లాడుతున్నాడు, బదులు రాకపోయినా.

"మళ్ళీ చెయ్యండి సార్," అంది సోమక్క. "నొక్కకండి. ఆనించి ఊరుకోండి. అదే పోతుంది."

రెండోసారి కూడా దాటింది. మూడోసారి కొంచెమే దాటింది. నాలుగోసారి ఆగింది. ఐదు, ఆరు, ఏడు ఆగాయి. ఎనిమిదోసారి మళ్ళీ దాటితే అభిషేక్ నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుని, ఏమీ అనకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. వరసగా ఆరుసార్లు ఆగాక తొడుగులు మార్చుకున్నాడు.

పిల్లను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి, కదలకుండా పట్టుకోమన్నాడు. సోమక్క పట్టుకుంది. కాలిపోతున్న ఒళ్ళు. ఇన్నేళ్ళుగా నడుములు చేసింది గానీ నిజం నడుమును అంత దగ్గరగా చూడలేదు. చర్మం కింద పూసలు ఒక్కొక్కటీ లెక్కకు వస్తున్నాయి. సూది ఆనింది. ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఆ మొన కనిపించింది. తెరిచింది. తెరిస్తే డాక్టరు చెయ్యి కనిపించింది. ఏది మేలో తెలియలేదు. తనకు తెలిసిన దేవుళ్ళలో ఎవరి పేరూ నోటికి రాలేదు. పిల్ల ఊపిరి తన మోచేతి మీద కొడుతోంది, దాన్నే పట్టుకుని ఉంది.

చెయ్యి ఆగింది.

ఎంతసేపని చెప్పడం? ఒక చుక్క వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉంది. ఎరుపు లేదు. రెండో చుక్క. మూడోది. ఎరుపు లేదు.

"మబ్బుగా ఉంది. మందు ఏదో తెలిసింది," అన్నాడు అభిషేక్. సూది తీసి, చుక్కలు పట్టిన సీసాకు మూత బిగించాడు.

పొజ్జా ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. "అత్తా" అన్నాడు, అంతే. ఆ మాట ఆమెకు మొహం మీద కొట్టినట్టయింది. అతను పట్టుకున్న ఆ చేతులే ఆ తప్పు నడుముల్ని వండాయి.

వరండాలో అభిషేక్ ఆమె వెనకే వచ్చాడు. కోపం లేదు ఇప్పుడు. అంతకన్నా కష్టమైనదే ఉంది.

"మేం పదకొండు మందిమి దీదీ," అన్నాడు.

జయ మర్నాడు వచ్చింది. సోమక్క నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాలుగు నెలలా?" అంది జయ. "నాలుగు నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావు? నేనెప్పుడైనా నీకు రాక్షసిలా కనిపించానా? ఒక్క మాట! ఒక్క మాట చెప్తే ఆ విడత ఆ పూటే పారేసేవాళ్ళం కదా!"

"భయమైంది మేడమ్."

"నేనంటేనా?"

సోమక్క ఆలోచించింది. "అడిగేటోళ్ళంటే," అంది.

జయ తన బొటనవేలి వైపు చూసుకుని, "నేనూ నొక్కి చూడలేదు. గీతలు చూశాను," అని గొణిగి ఫోను తీసింది. ఉద్యోగం సంగతి తరువాత చూద్దాం, ముందు మిగతా పదిమందిని పట్టుకోవాలంది.

సాయంత్రానికి తొమ్మిది మంది దొరికారు. వాళ్ళలో ఏడుగురు ఇంకా ఏ పిల్లకూ చేయలేదు. ఇద్దరు చేశారు; మొదటిసారి రక్తం వచ్చిందనీ పైవాళ్ళు మళ్ళీ చేశారనీ, పిల్లలు బాగున్నారనీ చెప్పారు. మిగిలింది చాందిని. దోర్నపాల్ దాటాక లోపలి ఆరోగ్య కేంద్రంలో ఉంది. రెండు రోజులు ఫోను కలవలేదు. మూడో రోజు మధ్యాహ్నం కలిసింది. జయ స్పీకరు పెట్టింది.

"ఒకటి చేశాను మేడమ్. పది రోజులైంది. ఆరేళ్ళ బాబు, పేరు కేసా. లోతుకు పోయింది. రక్తం వచ్చింది. కాలు జివ్వుమందని అరిచాడు. సుక్మా పెద్దాస్పత్రికి పంపుదామన్నాను. జ్వరం తగ్గగానే తండ్రి ఎత్తుకుని వెళ్ళిపోయాడు."

"నడిచాడా? వెళ్ళేటప్పుడు నడిచాడా?"

"ఎత్తుకుని వెళ్ళాడు మేడమ్."

ఆ ఊరి మితానిన్‌ను, అంటే ఊళ్ళో ఆరోగ్యం చూసే మనిషిని, ఆ ఇంటికి పంపారు. ఇంటికి తడిక వేసి ఉంది. ఊళ్ళో సగం మంది మిరపకాయలు ఏరడానికి సరిహద్దు దాటి తెలంగాణకు పోయారు. కూలీల మేస్త్రి ట్రాక్టరు పంపాడు. చర్ల దగ్గర సత్యమూర్తి అనే రైతు చేనుకని ఎవరో చెప్పారు. పిల్లవాడు ఎలా వెళ్ళాడని అడిగితే ఒకరు నడిచే ఎక్కాడన్నారు, ఇంకొకరు తండ్రి భుజం మీద ఉన్నాడన్నారు.

"నేను పోత మేడమ్," అంది సోమక్క.

"నువ్వా? ఎక్కడని వెతుకుతావు? మనం ఆ జిల్లాకు ఫోను చేసి..."

"నేను ఆ చేన్లల్ల మిరపకాయ ఏరిన మనిషిని. నాకు తెలుసు ఆడ ఎట్ల ఉంటరో."

ముసలయ్య వద్దని కేకలేశాడు. ఆమె వినలేదు. పొద్దున్నే కోంట బస్సెక్కింది. దోర్నపాల్‌లో బస్సు పావుగంట ఆగితే దిగకుండా కూర్చుంది. చింతూరు, భద్రాచలం, చర్ల. మర్నాడు ఎండ ఎక్కే వేళకు సత్యమూర్తి చేను దొరికింది. దూరం నుంచే ఎర్రటి కల్లం, ఘాటు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు సాళ్ళలో వంగి ఉన్నారు. ఆమె గట్టు మీద నిలబడి దోర్లీలో అడిగింది. ఒకామె నడుము ఎత్తకుండానే చెయ్యి చూపించింది.

"కేసా అమ్మనా? అగో. పిలగాడు ఆ నీడల పండుకున్నడు."

చేను చివర రెండు కర్రల మీద చీర కట్టారు. దాని కింద గోనె మీద ఒక పిల్లవాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మిగతా పిల్లలంతా కాలువ దగ్గర కేరింతలు కొడుతున్నారు. వాడొక్కడే ఇక్కడ.

ఆ సాళ్ళ మధ్య వంద అడుగులు నడవడం సోమక్కకు చేతకాలేదు. రెండుసార్లు ఆగింది. మిరప చెట్లు కొంగు పట్టి లాగుతుంటే విడిపించుకోవడం కూడా మరిచిపోయింది. దగ్గరికి వెళ్ళింది. పిల్లవాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. సన్నటి కాళ్ళు, దుమ్ము పట్టిన పాదాలు. పాదాలు కదలడం లేదు. వాటినే చూస్తూ నిలబడింది. ఈగ ఒకటి బొటనవేలి మీద వాలింది. వేలు కదలలేదు.

"కేసా," అంది.

వాడు చూశాడు.

"నేను జగదల్‌పూర్ ఆస్పత్రి నుంచి వచ్చిన బిడ్డా. నీ నడుము ఎట్లుందో సూద్దామని..."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా! సూదోళ్ళు వచ్చిర్రే!" అని అరిచి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఒక్క ఉదుటున లేచాడు. కట్టిన చీర కర్రతో సహా కూలింది. సాళ్ళు దాటి, గట్టు దాటి, కాలువలో ఉన్న పిల్లల్ని తోసుకుంటూ అవతలి ఒడ్డెక్కి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నట్టు సోమక్కకు అనిపించింది. కాదేమో, ఇసుకలో అందరూ అలాగే పరుగెత్తుతారేమో.

తల్లి ముక్కుగుడ్డ లాగేసి వచ్చింది. "ఎవరివే నువ్వు? పొద్దుగాల సంది ఆడి ఆడి ఇప్పుడే పండుకున్నడు పోరడు, బెదరగొట్టినవు!"

సోమక్క జవాబు చెప్పబోయింది. కూలిన చీర మీద, గోనె మీద, వాడు పడుకున్న చోటనే కూలబడింది.

"అక్కా, వాని కాలు..." అంది. "వాడు పొద్దుటి సంది ఎన్నిసార్లు పడ్డడు, ఎట్ల నడుస్తున్నడు, అంత జెప్పు. నేను చేసిన తప్పు ఒకటుంది. ముందు అది జెప్త, కూసో."